అడుగు లేని చోట దిగబడిన ట్రాక్టర్: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ వైపున్న ఒక తెలుగు పల్లెది. ఊరి పేరు, రైతు వివరాలు, బండి కంపెనీ కావాలనే తీసేశాం. పొలం చెరువు కింది పల్లం, వంశధార ఒండ్రు మట్టి. ఉభాలకు (వరినాట్లకు) ముందు ఆఖరి దమ్ము, అంటే నీళ్లు పెట్టి మడిని బురదగా కలిపే దుక్కి, నడుస్తోంది. బండి 45 హెచ్‌పీ, టూ వీల్ డ్రైవ్, బరువు 2 టన్నుల చిల్లర. వెనక టైర్లు 13.6-28, వాటికి బయటివైపు సగం కేజ్ వీల్స్ (బురదలో పట్టు కోసం ఇనుప పలకల చక్రాలు) బిగించారు. వెనకాల ఆరడుగుల రోటవేటర్ (తిరిగే కత్తులతో మట్టిని కలిపే పనిముట్టు), అదొక 400 కిలోలు.

పల్లపు మడిలో ట్రాక్టర్‌ని మోసేది బురద కాదు. ఏటా దమ్ము చేయగా చేయగా 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతున గట్టి పొర ఒకటి ఏర్పడుతుంది. రైతులు దాన్నే ‘అడుగు’ అంటారు. చక్రాలు బురదని చీల్చుకుని వెళ్లి ఆ పొర మీద నడుస్తాయి. అడుగు ఉన్నంతవరకు పైన బురద మోకాలి లోతున ఉన్నా బండి ఆగదు. అడుగు తెగిన చోట, అంటే పూడ్చిన నుయ్యి, పాత గెడ్డ (వాగు), ఊట, జేసీబీతో మట్టి తీసిన గుంత ఉన్న చోట, ఎంత హెచ్‌పీ బండైనా కూరుకుపోతుంది. అందుకే దిగబడిన బండి దగ్గరకి వెళ్లగానే తేల్చాల్సిన మొదటి విషయం, అడుగు ఎక్కడుంది అన్నది. తాడు ఎక్కడ కట్టాలి, ఎటు లాగాలి అన్నవి ఆ తరవాతి మాటలు.

బండి ఉన్న స్థితి

డ్రైవర్ చెప్పినదాన్ని బట్టి, ముందు స్టీరింగ్ ఎడమకి లాగింది. బురద ఎక్కువై ఉంటుందనుకుని యాక్సిలరేటర్ పెంచాడు. ముందు చక్రం ఎలాగో దాటింది, వెనక ఎడమ చక్రం ఒక్కసారిగా కిందికి జారింది. ఇందులో వింతేమీ లేదు. బండి బరువులో మూడో వంతుకి కాస్త ఎక్కువే ముందు ఇరుసు మీద ఉంటుంది, మిగతాదంతా వెనక, దానికి రోటవేటర్ తోడు. ముందు చక్రాన్ని ఓపిక పట్టి మోసిన పైపెంకు వెనక చక్రాన్ని మొయ్యదు. స్టీరింగ్ దానంతట అది ఒక పక్కకి లాగితే క్లచ్ తొక్కి ఆగాలి, అదే గేరులో ముందుకు పోకూడదు.

సాయానికి వెళ్లిన మేం చూసేటప్పటికి ఎడమ వెనక చక్రం హబ్ (చక్రం నడిమి భాగం) దాటి మునిగింది, మడ్‌గార్డు అంచుకి బురద తగిలింది. కుడి చక్రం సగం పైనే ఉంది. ఎడమ, కుడి హబ్‌ల మధ్య ఎత్తు తేడా 45 సెంటీమీటర్లు, చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు. లెక్కకడితే బండి ఎడమకి 20 డిగ్రీలు ఒరిగి ఉన్నట్టు. ఈ సైజు బండ్లు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు 35 డిగ్రీల దాకా పడిపోవు గానీ, ఎడమ చక్రం ఇంకో జానెడు దిగి, అదే సమయంలో కుడివైపు ఎవరైనా ఎత్తితే ఆ లెక్క చెల్లదు. ఎడమవైపు ఎవరూ నిలబడొద్దని ముందే చెప్పాం.

అప్పటికే ఏమేం చేశారు

ముందు మామూలు పనే చేశారు. లో ఫస్ట్ (అన్నిటికంటే నెమ్మది గేరు), రివర్స్ మార్చి మార్చి బండిని ఊపారు. అడుగున్న బురదలో ఇది పనిచేస్తుంది, చక్రం వెనక్కీ ముందుకీ కొంచెం జాగా చేసుకుని పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఇక్కడ ఎడమ చక్రానికి పట్టుకోడానికి కింద ఏమీ లేదు. తిరిగిన ప్రతిసారీ కేజ్ వీల్ పలకలు కింది గుల్ల మట్టిని తోడి వెనక్కి పోశాయి. ఆ చక్రం లోతు అలా పెరిగిందే.

తరవాత డిఫరెన్షియల్ లాక్ తొక్కారు. ఒక చక్రం గాలిలో తిరుగుతుంటే రెండోదానికి బలం అందించడానికే ఆ లాక్. అయితే తొక్కింది చక్రం జోరుగా తిరుగుతుండగా. అలా తొక్కితే లోపలి పళ్లు విరిగే ప్రమాదం ఉంది, ఈ బండి అదృష్టం కొద్దీ విరగలేదు. జరిగిన నష్టం వేరు. అప్పటిదాకా అడుగు మీద స్థిరంగా ఉన్న కుడి చక్రం కూడా తిరగడం మొదలెట్టి, గట్టి పొరని గీరేసి, నాలుగు వేళ్ల మేర దిగింది. అంటే బండి కింద మిగిలిన ఒక్క మంచి ఆధారాన్నీ తామే తవ్వుకున్నారు.

గడ్డి మోపులు, చెట్టుకొమ్మలు చక్రాల కింద కుక్కారు. ఉత్త టైరైతే కొంత ఉపయోగం. కేజ్ వీల్ ఉన్నప్పుడు గడ్డి పలకలకి చుట్టుకుని చక్రం డ్రమ్ములా నున్నగా తయారవుతుంది, ఉన్న పట్టు కూడా పోతుంది.

ఆఖరికి ఇంకో 45 హెచ్‌పీ బండి తెచ్చి, డొంకదారి ముందువైపు ఉంది కాబట్టి ముందుకే వైర్ రోప్ కట్టి లాగారు. ఈ ప్రయత్నం ఎందుకు ఫలించలేదో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ప్రతి ఉభాల సీజన్‌లోనూ అందరూ చేసేది ఇదే.

భారీ బండ్లని బయటికి లాగేవాళ్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. చక్రం లోతున దిగితే బండి బరువంత లాగుడు కావాలి. మడ్‌గార్డు లోతున దిగితే దానికి రెట్టింపు. ఇక్కడ రోటవేటర్‌తో కలిపి 2.4 టన్నులు, ఒక పక్క మడ్‌గార్డు దాకా మునిగింది. ఎంత తగ్గించి వేసినా 4 టన్నుల పైమాటే. లాగే బండి బరువు 2 టన్నులు. తడి నేల మీద టూ వీల్ డ్రైవ్ బండి తన బరువులో సగం లాగితే గొప్ప, అంటే 1 టన్ను. ఇలాంటి రెండు బండ్లు కట్టినా సగానికి రావు. హెచ్‌పీకి ఇందులో పని లేదు, చక్రం నేలని పట్టినంత మేరకే లాగుడు.

పైగా తాడు కట్టిన చోటు. లాగే బండికి టాప్ లింక్ బ్రాకెట్‌కి (పనిముట్టు పైకడ్డీ తగిలించే చోటుకి) కట్టారు. ఇరుసు కంటే పైన తాడు కట్టి లాగితే ముందు చక్రాలు లేస్తాయి, ఇక్కడా లేచాయి. అలా లేచిన బండి ఇక వెనక్కి రాలేని కోణానికి చేరడానికి సెకనులో ముప్పావు వంతు చాలు. క్లచ్ తొక్కాలని మనిషికి తట్టేలోగానే అది అయిపోతుంది. డ్రాబార్‌కి (బండి వెనక కింద ఉండే లాగుడు పట్టీకి) తప్ప మరి దేనికీ కట్టకూడదు, అది ఇరుసు కంటే కిందే ఉండాలి.

దుంగ మాట

మేం వెళ్లేసరికి చక్రాలకి దుంగ కట్టే ఏర్పాటు జరుగుతోంది. రెండు వెనక చక్రాలకీ అడ్డంగా దుంగ బిగించి లో గేరులో కదిలిస్తే, చక్రంతో పాటు దుంగ కిందికి వెళ్లి బండిని పైకెత్తుతుంది. ఆ ఉపాయం నిజంగానే పనిచేస్తుంది, అందుకే అందరికీ దాని మీద గురి. కానీ ముందు గేరులో చేస్తే ప్రాణం మీదికొస్తుంది. దుంగ నేలలో బిగుసుకుని చక్రం తిరగలేకపోతే, ఇంజిన్ బలం చక్రాన్ని వదిలి బండినే ఇరుసు చుట్టూ తిప్పుతుంది, ముందు భాగం లేచి డ్రైవర్ మీద పడుతుంది. రివర్స్ గేరులో అయితే ఆ బలం ముందు భాగాన్ని నేలకి అదుముతుంది కాబట్టి వెనక్కి తిరగబడే భయం ఉండదు. దుంగ తప్పదనుకుంటే రివర్స్‌లోనే.

ఈ కేసులో అదీ వద్దన్నాం. కుడివైపు దుంగ అడుగు మీద మెట్టులా ఆగుతుంది, ఎడమవైపు దుంగ గుల్ల మట్టిలోకి పోతుంది. కుడి లేస్తుంది, ఎడమ దిగుతుంది. 20 డిగ్రీలు ఒరిగి ఉన్న బండికి అంతకంటే చెడ్డ పని లేదు.

అడుగు వెతకడం

12 మిల్లీమీటర్ల ఇనుప రాడ్డు, మనిషి ఎత్తు కంటే కాస్త పొడవుది, చాలు. చేతి బలంతో గుచ్చి, ఎక్కడ టక్కున ఆగుతుందో చూడాలి. బండి చుట్టూ అడుగు దూరానికొకటి చొప్పున గుచ్చి, లోతు చెప్పించుకుంటూ వెదురు పుల్లలు పాతాం. కుడిపక్కా, వెనకాలా 20 నుంచి 25 సెంటీమీటర్లలో ఆగింది. ఎడమ చక్రం పక్కన మీటరున్నర దించినా ఆగలేదు, వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. పుల్లలన్నీ పాతాక చూస్తే మీటరున్నర వెడల్పున గుండ్రం తేలింది. గట్టు మీద కూర్చున్న పెద్దాయన అది చూసి, “అక్కడ మా తాతలనాటి ఏతాం నుయ్యి ఉండీది బాబూ, కప్పెట్టీసి చానా యేళ్లయింది” అన్నాడు. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ అడగలేదు. రాడ్డు కంటే ముందు ఇలాంటి ప్రశ్న వేస్తే పని ఇంకా తొందరగా తెములుతుంది.

ముందువైపు ఇంకో సంగతి బయటపడింది. నుయ్యి నుంచి డొంకదారి దిశగా రాడ్డు 50 సెంటీమీటర్ల దాకా దిగుతోంది. ఏతాంతో తోడిన నీళ్లు పారిన పాత బోదె (చిన్న కాలువ) అది, దాన్నీ పూడ్చారు. అంటే లాగే బండి ఇంతసేపూ దిగబడ్డ చక్రాన్ని నుయ్యి ముందు ఒరకేసి అదిమింది. ఒకవేళ బయటికొచ్చినా బోదెలో మళ్లీ దిగేది.

దీంతో దిశ తేలిపోయింది: వెనక్కి. దారి ముందుంది, వెనకాల మడి తప్ప ఏమీ లేదు, కానీ వెనక నేల ఇదే బండిని రోటవేటర్‌తో సహా మోసి పంపిన నేల. చక్రం అడుగుభాగం నుంచి నుయ్యి వెనక అంచుకి ముప్పావు మీటరు. అంతే కదలాలి. రైతుకి ఈ నిర్ణయం రుచించలేదు, దారికి దూరమవుతోందని. రాడ్డు ఆయన చేతికే ఇచ్చి గుచ్చమన్నాం.

పనిచేసిన పద్ధతి

గట్టు తెంచి నీళ్లు వదిలేశారు, ముందు దాన్ని మూయించాం. నీరు పోతే మట్టి గట్టిపడుతుందన్నది నిజమే, దానికి చాలా రోజులు పడుతుంది. మధ్యలో బంకదశ ఒకటి వస్తుంది, బురద ఇనుముని గట్టిగా పట్టేది అప్పుడే. గేర్‌బాక్స్ పొట్ట, ఇరుసు గొట్టం బురదకి అతుక్కుని, మధ్యకి గాలి చొరబడక పీల్చిపట్టినట్టుంటాయి. పలచటి బురదైతే నీరు లోపలికి జారి ఆ పట్టు వదులుతుంది.

తరవాత రోటవేటర్ విప్పడం. బండి వాలి ఉంది కాబట్టి ఎడమ లోయర్ లింక్ (పనిముట్టుని పట్టుకునే కింది చేయి) పిన్ను బిగుసుకుంది. సుత్తి వాడకుండా, కుడి లింక్ పొడవు మార్చే స్క్రూ తిప్పి మెలిక వదిలిస్తే చేతికొచ్చింది. ఇంజిన్ ఆపి, హైడ్రాలిక్ ప్రెషర్ వదిలేసి, పీటీవో షాఫ్ట్ (ఇంజిన్ తిప్పుడుని రోటవేటర్‌కి అందించే కడ్డీ) ఊడదీశాకే లింకుల జోలికెళ్లాలి. ఒక్క ఈ పనితో వెనక ఇరుసు మీద 400 కిలోలు తగ్గాయి.

కుడి ఇరుసు గొట్టం నుంచి కుడిపక్క గట్టుకి గొలుసు వేసి బిగించాం, బండి ఎడమకి ఒరగకుండా. ఆ గొలుసు పడ్డాకే మనుషుల్ని ఎడమవైపు దించాం.

ఎడమ చక్రాన్ని జాకీతో ఎత్తలేకపోయాం. 10 టన్నుల బాటిల్ జాకీకి పలకతో కలిపి 30 సెంటీమీటర్ల ఎత్తు జాగా కావాలి, తవ్విన బురద తవ్వినట్టే నిండిపోతోంది. జాకీకి బలం ఉన్నా దాని కింద నేలకి బలం ఉండాలి. దమ్ము బురద చదరపు సెంటీమీటరుకి పావు కిలో మోస్తే ఎక్కువ, కాబట్టి 1 టన్ను ఎత్తాలంటే జాకీ కింద కనీసం 65 సెంటీమీటర్ల చదరపు పలక వెయ్యాలి. నుయ్యిలో ఆ పలకా దిగిపోతుంది.

అందుకని మీట వేశాం. ఆరు మీటర్ల తాటి దూలం. నుయ్యి గుండ్రానికి అవతల, రాడ్డు ఆగిన చోట, చెక్కదిమ్మెలు పేర్చి దాన్ని ఆనించాం. ఆనుడు నుంచి చక్రానికి 80 సెంటీమీటర్లు, ఇవతల కొసకి 5.2 మీటర్లు. ఆరున్నర రెట్ల బలం. చక్రం మీది బరువు రోటవేటర్ పోగా సుమారు 600 కిలోలు, దానిపైన బురద పట్టు. ముగ్గురు కొస మీద వాలితే టన్ను పైన వస్తుంది. గొలుసుని రిమ్ము డిస్కు పైభాగంలో, సరిగ్గా హబ్‌కి నిట్టనిలువున తగిలించాం. పక్కకి తగిలిస్తే చక్రం ఎత్తబడకుండా తిరుగుతుంది. బండి లో గేరులో, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపి ఉంది.

మీట మీద బరువు వేసినా మొదట ఏమీ కదల్లేదు. అప్పుడు కాలువ మీదున్న ఆయిల్ ఇంజన్ పంపు నుంచి పైపు తెచ్చి, కొసకి అంగుళం గొట్టం బిగించి, టైరు పక్కనుంచి కిందికీ, గేర్‌బాక్స్ పొట్ట కిందికీ నీళ్లు కొట్టించాం. కాసేపటికి టైరు పక్కన బుడగలు వచ్చాయి, బుస్సుమని శబ్దమైంది, దూలం కొస ఒక్కసారిగా మూరెడు కిందికొచ్చింది. ఆ ఊపుకి మనుషులు జారిపడతారు, అందుకే కొసకి కట్టిన తాడు పట్టుకుని లాగాలి, దూలం మీద ఎక్కి కూర్చోకూడదు.

చక్రం అడుగు మట్టానికి వచ్చాక నుయ్యిని పూడ్చే ప్రయత్నమే చెయ్యలేదు. రాళ్లు వేస్తే ఎన్ని బండ్ల రాళ్లైనా మింగుతుంది. దాని మీద వంతెన వేశాం. మూడు మీటర్ల తాటి బద్దలు రెండు, పక్కపక్కన, పొడవుగా, వెనకనుంచి టైరు కిందికి దూర్చాం. రెండు కొసలూ నుయ్యి అంచులు దాటి చెరో 75 సెంటీమీటర్లు గట్టి పొర మీద కూర్చున్నాయి. ముందుకొసన బోదె పక్కకి తప్పుకునేలా చూశాం. మీట వదలగానే బద్దలు కొంచెం కుంగి ఆగాయి. ఇప్పుడు చక్రం బరువు నుయ్యి మీద లేదు.

లాగడానికి 3 టన్నుల చైన్ కప్పీ (చేతిగొలుసుతో బరువు లాగే సాధనం), ఒక విడి కప్పీ, 16 మిల్లీమీటర్ల వైర్ రోప్. వెనక మడిగట్టు మీద రెండు తాటిచెట్లున్నాయి. చెరువు గట్టు మీది చెట్లు ఇంకా లావుగా ఉన్నా వాటి జోలికి పోలేదు. నిండు చెరువు గట్టుని, అందులోనూ తడిసిన గట్టుని కుదపకూడదు. విడి కప్పీని బండి వెనక ఇరుసు గొట్టాలు రెంటికీ చుట్టిన గొలుసుకి తగిలించి, రోప్ ఒక కొస ఒక చెట్టుకీ, రెండో కొస రెండో చెట్టుకున్న చైన్ కప్పీకీ కట్టాం. బండికి రెట్టింపు లాగుడు అందుతుంది, ఏ చెట్టు మీదా 3 టన్నులు దాటదు. చెట్టు మొదట్లోనే కట్టాలి, గోనెసంచి చుట్టి. రోప్ కొసన యూ క్లాంపులు మూడుకి తగ్గకూడదు. క్లాంపు శాడిల్ (గాడి ఉన్న దిమ్మ) బరువు మోసే తాడు మీద, యూ బోల్టు విడికొస మీద ఉండాలి, తిరగేస్తే అసలు తాడే నలుగుతుంది.

బండి న్యూట్రల్‌లో, బ్రేకు తీసి, స్టీరింగ్ తిన్నగా కట్టేసి, సీటు మీద ఎవరూ లేకుండా లాగాం. ఇంజిన్ సాయం ఇస్తే తొందరగా వస్తుందని డ్రైవర్ అన్నాడు. తిరిగే కేజ్ వీల్ తాటి బద్దని వెనక్కి విసిరేస్తుంది, అప్పుడు మళ్లీ నుయ్యే. చైన్ కప్పీ గొలుసు ఒక్కడే లాగాలి. ఇద్దరు కలిసి లాగాల్సి వస్తోందంటే కప్పీ శక్తి దాటుతోందనో, ఏదో తగులుకుందనో అర్థం, ఆగి చూడాలి. అడ్డంగా వాడుతున్నప్పుడు చేతిగొలుసు గాడి తప్పుతుంది, పలక మీద పెట్టి మెల్లగా లాగించాం. రోప్ మధ్యలో తడి గోనెలు వేశాం, తెగితే కొరడాలా లేవకుండా. రోప్ పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలోపు చూసేవాళ్లెవరూ లేకుండా పంపించడమే ఈ మొత్తంలో కష్టమైన పని.

కప్పీ మూడు మీటర్ల గొలుసు అయిపోయేసరికి బండి మీటరున్నర వెనక్కొచ్చింది, రెండు చక్రాలూ అడుగు మీదున్నాయి. బద్దలు తీసేసి, స్టార్ట్ చేసి, లో రివర్స్‌లో తన గాడిలోనే వెనక్కి నడిపించి, మడి చుట్టూ తిప్పి దారికి చేర్చాం.

బయటికొచ్చాక

ఆ సాయంత్రమే మళ్లీ దమ్ముకి దింపుతామన్నారు, ఆపాం. క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో పిన్ను ఉంటుంది. పిన్ను కదిపితే బురదనీరు కారింది. ఆ నీరుండగా నడిపితే క్లచ్ ప్లేటు జారుతుంది, తుప్పుపట్టి ఫ్లైవీల్‌కి అతుక్కుపోవడం కూడా చూస్తుంటాం. గేర్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూశాం, రంగు మారలేదు. పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరినట్టు, మొత్తం మార్చాల్సిందే. వెంటనే తేడా కనిపించకపోయినా రాత్రంతా నిలబెట్టి, పొద్దున్న డ్రెయిన్ ప్లగ్గు కొంచెం వదిలి చూడాలి, నీరుంటే ముందు అదే వస్తుంది. ముందు హబ్‌ల గ్రీజు మార్పించాం. రేడియేటర్ జాలీని ఇంజిన్ వైపు నుంచి నీళ్లతో కడిగించాం. రోటవేటర్ సైడ్ గేర్ సీలు దగ్గర ఆయిల్ చెమ్మ కనబడింది, సీలు మార్చారు.

మిగతా కేసులకు ఏది వర్తిస్తుంది

ఇదే పద్ధతి అన్ని చోట్లా నడవదు. నుయ్యికి అంచులున్నాయి కాబట్టి వంతెన కుదిరింది. పాత గెడ్డ పూడిన చోటైతే మెత్తదనం పొడవుగా సాగుతుంది. రాడ్డుతో దాని వెడల్పు కనుక్కుని, దగ్గరి ఒడ్డు వైపు అడ్డంగా లాగాలి, బండి ముఖం ఎటున్నా సరే. ఊట ఉన్న చోట ఒడ్డంటూ దొరకదు. అక్కడ పలకల వెడల్పు పెంచి బరువు పరచడమే దారి, రెండు చక్రాలూ సమానంగా దిగి ఉంటే మీట బదులు పలక మీద జాకీ చాలు. రెండు చక్రాల కిందా అడుగు దొరికి, హబ్ మునగకుండా ఉంటే ఇంత సరంజామా అక్కర్లేదు: పనిముట్టు విప్పి, చక్రాల వెనక బురద ఏటవాలుగా తీసి, లో రివర్స్‌లో చక్రం జారకుండా వస్తుందేమో చూడాలి. ఒక్క చుట్టు ఊరికే తిరిగినా ఆపెయ్యాలి.

ఈ పొలంలో నుయ్యి చుట్టూ నాలుగు వెదురు గెడలు పాతించి, ఆ మేర దమ్ము చేతిపారతో చేయించి నాట్లు వేయించాం. వేసవిలో నీరు దిగాక గుల్ల మట్టి తోడి, కింద బండరాయి, పైన మొరం, ఆ పైన బంకమట్టి పొరపొరగా దిమ్మిస చేసి నింపమన్నాం. బోదె పొడవునా కూడా అంతే.